అరిగిన చీలమండ, పొట్టిదైన కాలు: శస్త్రచికిత్సకు ముందు వేయాల్సిన లెక్క

చాలా ఏళ్ల కిందట మోకాలి కింది ఎముక చీలమండకు దగ్గరలో విరిగి, వంకరగా అతుక్కుని, ఇప్పుడు ఆ కీలు పూర్తిగా అరిగిపోయిన మనిషి నడుస్తున్నప్పుడు పక్కనుంచి గమనించాలి. ఆ కాలి మడమ నేలకు ఆనదు. ఆనినా బరువు మోయకముందే లేచిపోతుంది. చూసేవారు అది నొప్పి వల్ల వచ్చిన కుంటు అనుకుంటారు. రోగి కూడా నొప్పి సంగతే చెబుతాడు. కానీ మడమ అలా పైకి లేవడానికి నొప్పి ఒక్కటే కారణం కాదు. ఎముక మూడు సెంటీమీటర్లు తగ్గిన కాలు నేలను అందుకోవడానికి మునివేళ్ల మీద నిలబడడం అలవాటు చేసుకుంటుంది. ఏళ్లు గడిచేసరికి పిక్క కండరమూ, మడమ వెనకనుండే బలమైన స్నాయువూ ఆ భంగిమలోనే కుదించుకుపోతాయి. అటువంటి చీలమండకు ఆపరేషన్ చేసి పాదాన్ని నేలకు సమంగా నిలబెడితే నొప్పి తగ్గుతుంది, పాదం చక్కబడుతుంది; అయితే అంతవరకూ దాగి ఉన్న పొట్టితనం మొత్తం ఒక్కసారిగా బయటపడుతుంది. ముందు చీలమండ సంగతి చూద్దాం, పొడవు సంగతి తర్వాత ఆలోచిద్దాం అనుకునే వైద్యం చిక్కుల్లో పడేది ఇక్కడే.

తుంటి, మోకాలు వయసుతో అరుగుతాయి. చీలమండ తీరు వేరు. తీవ్రంగా అరిగిన చీలమండల్లో సుమారు 70 శాతానికి మూలం ఎప్పుడో తగిలిన దెబ్బే. చీలమండ చుట్టూ ఎముకలు విరగడమో, పదేపదే మడతపడి, ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్లు సడలిపోవడమో ఆ దెబ్బ కావచ్చు. మిగిలినవాటిలో కీళ్లవాతానిది పెద్ద వాటా. కారణం తెలియని అరుగుదల పదో వంతుకన్నా తక్కువ. ఈ కీలులోని మృదులాస్థి మందం ఒకటి నుంచి ఒకటిన్నర మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. బరువు పడే వైశాల్యం మోకాలిలో ఉన్నదానిలో మూడో వంతు మాత్రమే. నడకలో ఆ చిన్న చోటు మీద శరీర బరువుకు దాదాపు ఐదు రెట్ల భారం పడుతుంది. ఎముకల పొందిక చక్కగా ఉన్నంతకాలం ఈ పలచటి పొర ఏళ్ల తరబడి చెక్కుచెదరదు. పొందిక చెడితే మాత్రం నిలవదు. మడమ ఎముక పైన చీలమండ గూటిలో కూర్చునే టాలస్ ఎముక తన గూటిలో ఒక్క మిల్లీమీటరు బయటికి జరిగితే చాలు, ఆనే వైశాల్యం 40 శాతానికి పైగా తగ్గిపోతుందని 1976లోనే ప్రయోగపూర్వకంగా తేలింది. చీలమండ రోగులు మోకాలి అరుగుదల రోగులకన్నా సగటున చిన్నవారు కావడానికి కారణం ఇదే. ఇరవైలలో బైకు మీదనుంచి పడినవారికి నలభైలలో కీలు పోతుంది. ఆ తర్వాత వారింకా ముప్ఫై, నలభై ఏళ్లు నడవాలి.

ఆ దెబ్బే కాలి పొడవునూ తినేస్తుంది. మోకాలి కింద లావుగా ఉండే టిబియా ఎముక నలిగి విరిగినప్పుడు ముక్కలు ఒకదానిలోకి ఒకటి దిగబడి అతుక్కుంటాయి; చీము పట్టి ముక్కలను తీసేయాల్సి వస్తే నష్టం మరింత పెరుగుతుంది. పిల్లల్లో సంగతి ఇంకా విచిత్రం. టిబియా కింది చివర ఉండే ఎదుగుదల పొర ఆ ఎముక పెరుగుదలలో సుమారు 40 శాతానికి బాధ్యత వహిస్తుంది. పదేళ్ల వయసులో చెట్టు మీదనుంచి పడి ఆ పొర నలిగితే అప్పటికి మామూలు బెణుకులాగే కనిపించవచ్చు. తరువాతి ఐదారేళ్లలో ఒక కాలు ఎదుగుతూ పోతుంది, రెండోది వెనకబడుతుంది. పొరలో ఒక పక్క మాత్రమే మూసుకుపోతే కాలు పొట్టిదవడంతో పాటు చీలమండ లోపలికో బయటికో వాలిపోతుంది. వాలిన కీలు ఒక అంచు మీదే బరువు మోసి ముప్ఫై ఏళ్లకే అరుగుతుంది. పోలియో, టిబియా పక్కనుండే సన్నని ఎముక ఫిబ్యులా పుట్టుకతో లేకపోవడం, చిన్ననాటి ఎముకల చీము ఇదే చోటికి వేర్వేరు దారుల్లో చేరుస్తాయి.

తేడా ఎంతో తెలుసుకోవడం టేపుతో ఐదు నిమిషాల పనిలా కనిపిస్తుంది. నడుము ముందువైపు పొడుచుకువచ్చే ఎముక నుంచి చీలమండ లోపలివైపు గుబ్బ దాకా కొలవడం వైద్య విద్యార్థులందరూ నేర్చుకునే పద్ధతి. ఈ రోగుల విషయంలో ఆ పద్ధతిలో ఒక పెద్ద లోపం ఉంది. టేపు గుబ్బ దగ్గరే ఆగిపోతుంది. టాలస్ కూలిపోయినా, మడమ ఎముక నలిగి ఎత్తు తగ్గినా ఆ నష్టం గుబ్బకు కిందే జరుగుతుంది కనుక కొలతలోకి రాదు. దెబ్బతిన్న చీలమండలో ఈ రకంగా లెక్కతప్పే పొడవు ఒక సెంటీమీటరు దాకా ఉండవచ్చు. అందుకే పొట్టి కాలి కింద అర సెంటీమీటరు మందం పలకలు ఒకదానిపై ఒకటి పేర్చుతూ, నడుము ఎముకలు రెండూ ఒకే మట్టానికి వచ్చేదాకా చూడడం మేలు. అదే స్థితిలో నిలబెట్టి తుంటి నుంచి మడమ దాకా ఒకే పొడవాటి ఎక్స్‌రే తీస్తే ఏ ఎముకలో ఎంత పోయిందో, ఎక్కడ వంకర ఉందో తెలుస్తుంది. పడుకోబెట్టి తీసిన చీలమండ ఎక్స్‌రే ఒక్కటే చూసి ఆపరేషన్ నిర్ణయించడం ఇంటి పునాది చూడకుండా గుమ్మం మార్చడం లాంటిది.

పాదం వంగిన కోణాన్ని సెంటీమీటర్లలోకి మార్చి చూస్తే విషయం స్పష్టమవుతుంది. చీలమండ నుంచి ముందుపాదం దాకా సుమారు 12 సెంటీమీటర్ల దూరం ఉందనుకుందాం. పాదం 20 డిగ్రీలు కిందికి వంగి బిగుసుకుపోతే, మునివేళ్ల మీద నిలబడిన ఆ కాలు నేలనుంచి మూడున్నర సెంటీమీటర్ల వరకు ఎత్తు సంపాదిస్తుంది. అంటే ఎముక మూడు సెంటీమీటర్లు తగ్గిన రోగి నిలబడినప్పుడు నడుము దాదాపు సమంగానే కనిపిస్తుంది. కాళ్ల పొడవులో తేడా లేదని కేసు షీటులో రాసేయడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఆ తర్వాత ఎముకలను కలిపి కీలును కదలకుండా అతికించే ఆపరేషన్‌లో పాదాన్ని లంబకోణంలోకి తెస్తే మూడున్నర సెంటీమీటర్లూ పోతాయి. మిగిలిన మృదులాస్థినీ గట్టిపడిన ఎముక పొరనూ చెక్కేటప్పుడు మరో అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు దాకా పోతుంది. సమంగా కనిపించిన కాలు ఆపరేషన్ బల్ల దిగేసరికి నాలుగు సెంటీమీటర్ల పొట్టిది.

మరి పాదాన్ని కాస్త వంగిన కోణంలోనే అతికిస్తే సరిపోదా అని ఎవరికైనా అనిపిస్తుంది. కొంతకాలం ఆ పనీ చేశారు. అలా అతికించిన కాలితో అడుగు వేసిన ప్రతిసారీ ముందుపాదం నేలను తన్నుతుంది, మోకాలు వెనక్కి నెట్టుకుపోతుంది. ఏళ్ల తరబడి అలా సాగితే మోకాలు వెనక్కి వంగే వికృతి స్థిరపడుతుంది. పాదం మధ్య కీళ్లు కూడా త్వరగా అరుగుతాయి. కాబట్టి ఇప్పుడు అంగీకృతమైన స్థానం ఒకటే: పాదం కాలికి లంబంగా, మడమ ఐదు డిగ్రీల లోపు బయటికి వాలి, వేళ్లు రెండో కాలి లాగానే ఐదు నుంచి పది డిగ్రీలు బయటి పక్కకు తిరిగి ఉండాలి. పొడవును కోణంలో దాచకూడదు, పొడవును పొడవుగానే తీర్చాలి.

ఈ నియమానికి ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది, అది మన ఊళ్లలో ఇప్పటికీ కనిపిస్తుంది. భారతదేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో నమోదైంది. 2014 మార్చిలో దేశాన్ని పోలియోరహితంగా ప్రకటించారు. అంతకు ముందు ఆ జబ్బు బారిన పడినవారిలో చాలామంది ఇప్పుడు పాతికేళ్లు మొదలుకొని పైవయసుల్లో ఉన్నారు. వారిలో తొడ ముందు కండరం చచ్చుబడినవారు చేత్తో తొడను నొక్కి పట్టుకుని నడుస్తారు. వారికి పాదం కొద్దిగా కిందికి వంగి ఉండడం వరం లాంటిది. ముందుపాదం నేలను తాకినప్పుడు మోకాలు వెనక్కి నెట్టుకుని తాళం పడినట్టు నిలుస్తుంది, కండరం చేయలేని పనిని ఆ కోణం చేస్తుంది. ఆ వంకరను చక్కదిద్ది పాదాన్ని లంబంగా అతికిస్తే చూడడానికి కాలు అందంగా ఉంటుంది, మనిషి మాత్రం మోకాలు మడతపడి పడిపోతాడు. చీలమండ మీద చేయి వేసేముందు తొడ కండరం బలాన్ని పరీక్షించని వైద్యుడు పోలియో కాలికి మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తాడు. పాదం పైకి ఎత్తలేని అటువంటి కాలును రెండో కాలితో అచ్చంగా సమానం చేయడం కూడా పొరపాటే. అడుగు ముందుకు వేసేటప్పుడు వేళ్లు నేలను గీరుకోకుండా ఒక సెంటీమీటరు తక్కువగా ఉంచడం పాతకాలం నుంచీ వస్తున్న మంచి పద్ధతి.

కీలును అతికించడం, అంటే ఫ్యూజన్, ఈ రంగంలో పురాతనమైన ఆపరేషన్. పోలియో సోకిన కాళ్లకు స్థిరత్వం ఇవ్వడానికి ఆస్ట్రియా శస్త్రవైద్యుడు ఎడువార్డ్ ఆల్బర్ట్ 1879లో దీన్ని వర్ణించాడు. ఎముకల చివరలను ఒకదానికొకటి గట్టిగా అదిమిపట్టే పద్ధతిని ఇంగ్లండులో జాన్ చార్న్లీ 1951లో ప్రచురించాడు. ఇప్పుడు స్క్రూలు, ప్లేట్లు, మడమ కింది నుంచి పైకి దిగగొట్టే రాడ్డు, కాలి చుట్టూ బయట అమర్చే రింగులు అన్నీ అందుబాటులో ఉన్నాయి. పదిమందిలో తొమ్మిదిమందికి పైగా ఎముక అతుక్కుంటుంది. చీలమండ కదలిక పోయినా పాదం మధ్య కీళ్లూ, టాలస్ కింది కీలూ కలిసి కొంత కదలికను మిగులుస్తాయి కనుక సమతల నేల మీద నడకలో పెద్దగా తేడా ఉండదు. ఎత్తుపల్లాల్లో, మెట్లు దిగేటప్పుడు తేడా తెలుస్తుంది. గొంతుకూర్చోవడం దాదాపు కుదరదు. మడమ కింద ఏదైనా పెట్టుకుంటే తప్ప మనిషి వెనక్కి పడిపోతాడు. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే టాలస్ కింది కీలు చాలామందిలో అరిగి ఉంటుంది, ఎందుకంటే పోయిన కీలు చేయాల్సిన పని కూడా అదే చేసింది.

కీలు మార్పిడి రెండో దారి. ఫ్రాన్సులో 1970లో మొదలైన తొలి కృత్రిమ చీలమండలు త్వరగా వదులైపోయి ఆ ఆలోచనకే చెడ్డపేరు తెచ్చాయి. డెన్మార్క్‌లో రూపొందిన మూడు భాగాల నమూనాతో పరిస్థితి మారింది; అమెరికా అనుమతి దానికి 2009లో వచ్చింది. ఈ రెండు దారులనూ నేరుగా పోల్చిన పెద్ద పరిశోధన బ్రిటన్‌లో 17 ఆస్పత్రుల్లో 50 నుంచి 85 ఏళ్ల వయసున్న 303 మందిపై జరిగి 2022లో వెలువడింది. ఏడాది తర్వాత రెండు పద్ధతుల్లోనూ నొప్పి, నడక బాగా మెరుగుపడ్డాయి. మెరుగుదలలో రెండింటి మధ్యా గణాంకపరంగా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మార్పిడిలో గాయం మానని ఇబ్బంది ఎక్కువ. ఫ్యూజన్‌లో ఎముక అతుక్కోకపోవడం, రక్తం గడ్డకట్టడం ఎక్కువ. కానీ ఈ ఫలితాన్ని ఇక్కడి రోగికి యథాతథంగా అన్వయించలేం. కాలు పొట్టిగా, వంకరగా, ఎప్పుడో చీముపట్టిన చరిత్రతో ఉన్న ముప్ఫై అయిదేళ్ల వ్యక్తి ఆ వయసు పరిమితిలోకే రాడు. వంకర మీద పెట్టిన కృత్రిమ కీలు ఒక అంచున అరిగి కొన్నేళ్లకే వదులవుతుంది.

మృదులాస్థి మొత్తం పోనప్పుడు కీలును మిగిల్చే దారులు కూడా ఉన్నాయి, పొడవు లెక్క వాటిలో ఆసక్తికరంగా కలుస్తుంది. టిబియా కింది భాగాన్ని చీలమండకు పైన కోసి వాలును సరిచేస్తే బరువు అరిగిన అంచునుంచి బాగున్న వైపుకు మళ్లుతుంది. ఆ కోతను ఒక పక్క తెరిచి సందులో ఎముక నింపవచ్చు, లేదా రెండో పక్క త్రిభుజం ముక్కను తీసి మూయవచ్చు. తెరిస్తే కాలు కొన్ని మిల్లీమీటర్లు పెరుగుతుంది, మూస్తే అంతే తగ్గుతుంది. పొడవు సమంగా ఉన్న మనిషికి ఏది చేసినా ఒకటే. అప్పటికే పొట్టిగా ఉన్న కాలికి మూసే కోత ఎంచుకోవడం ఉన్నదాన్నీ పోగొట్టుకోవడం. యువకుల్లో కొందరికి బయటి ఫ్రేముతో కీలును సుమారు ఐదు మిల్లీమీటర్లు ఎడంగా సాగదీసి మూడు నెలలు ఉంచే పద్ధతి నెదర్లాండ్స్‌లో 1990లలో ప్రాచుర్యంలోకి వచ్చింది. కొందరికి చాలా ఏళ్లు ఉపశమనం ఇస్తుంది. కాలం గడిచేకొద్దీ ఆ ఫలం తగ్గి, కొందరికి చివరికి ఫ్యూజన్ తప్పడం లేదు.

ఇక పొడవుకు వద్దాం. రెండు సెంటీమీటర్ల లోపు తేడాకు ఎత్తు చెప్పు, అయిదు దాటితే ఎముక పొడిగింపు, మధ్యలో ఉన్నవారికి సందర్భాన్నిబట్టి అన్నది ఆర్థోపెడిక్ పుస్తకాల్లో స్థిరపడిన మాట. ఒక సెంటీమీటరు తేడా ఉన్నవారు సమాజంలో కోకొల్లలు, చాలామందికి ఆ సంగతే తెలియదు. చెప్పు లోపల ఒక సెంటీమీటరుకు మించి ఎత్తు పెడితే మడమ జారిపోతుంది, కాబట్టి మిగతాది అడుగున వేయించాలి. అతికించిన చీలమండకు అడుగు భాగం ముందువైపు పడవ మొనలా వంపు తిరిగి ఉంటే నడక సాఫీగా సాగుతుంది. కనుక ఎత్తూ వంపూ ఒకే చెప్పులో చేయించడం తెలివైన పని.

అయితే ఈ సలహా పుట్టింది ఇంట్లోనూ బూట్లు వేసుకు తిరిగే దేశాల్లో. తెలుగు ఇళ్లలో గడప దాటగానే చెప్పులు బయటే ఉండిపోతాయి. వంటింట్లో, గుడిలో, పెళ్లిలో, పొలం గట్టు మీద, నేల మీద కూర్చుని లేచే ప్రతి చోటా రోగి వట్టి కాళ్లతోనే ఉంటాడు. రోజులో చెప్పు తొడుక్కునే సమయం మూడు నాలుగు గంటలే అయితే చెప్పులో వేయించిన మూడు సెంటీమీటర్లు మిగతా సమయమంతా లేనట్టే. మామూలు చీలమండ ఉన్నవాడు ఆ సమయంలో మడమ లేపి సర్దుకుంటాడు. చీలమండ అతికిన మనిషికి ఆ సర్దుబాటు శాశ్వతంగా పోయింది. ఒక పక్కకు ఒరిగిపోతూ నడవడం తప్ప అతడికి మార్గం లేదు. అందుకే పుస్తకంలోని రెండు నుంచి అయిదు మధ్య భాగాన్ని మనవాళ్ల విషయంలో వేరుగా చదవాలనిపిస్తుంది. ఫ్యూజన్ చేయించుకోబోయే వ్యక్తికి మూడు సెంటీమీటర్ల లోటు మిగలబోతుంటే, వయసు, ఆరోగ్యం సహకరిస్తే, పొడిగింపు గురించి ఆపరేషన్‌కు ముందే మాట్లాడడం న్యాయం.

రెండో కాలిని కుదించడం లెక్కప్రకారం సులువైన మార్గం. తొడ ఎముకలో మూడు నాలుగు సెంటీమీటర్లు తీసి రాడ్డు వేస్తే నెలల తరబడి రింగులు మోయనక్కర్లేదు. కానీ లోటు మోకాలి కింద ఉంటే కోత మోకాలి పైన పడుతుంది కాబట్టి రెండు మోకాళ్లూ వేర్వేరు ఎత్తుల్లో మిగులుతాయి. బాగున్న కాలిని కోయడానికి ఇంట్లో ఎవరూ ఒప్పుకోరన్నది వేరే సంగతి, ఆ అభ్యంతరాన్ని అజ్ఞానమని కొట్టిపారేయలేం కూడా.

ఎముకను పొడిగించే విద్య సైబీరియాలోని కుర్గాన్‌లో రూపుదిద్దుకుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గాయపడిన సైనికులకు వైద్యం చేస్తూ గావ్రిల్ ఇలిజరోవ్ 1950ల ఆరంభంలో తీగలూ ఉక్కు రింగులతో ఒక ఫ్రేమును తయారుచేశాడు. ఎముకను జాగ్రత్తగా కోసి రెండు చివరలనూ మెల్లగా ఎడం చేస్తే ఆ సందులో కొత్త ఎముక పుట్టుకొస్తుందని గమనించాడు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో హైజంప్ బంగారు పతకం గెలిచి, మరుసటి ఏడే మోటార్‌సైకిల్ ప్రమాదంలో కాలు నుజ్జయిన వలేరీ బ్రుమెల్‌ను మళ్లీ దూకేలా చేయడంతో సోవియట్ దేశమంతా ఆయన పేరు మారుమోగింది. పశ్చిమ దేశాలకు ఆ పద్ధతి చేరడానికి మాత్రం ఇటలీ పర్వతారోహకుడు కార్లో మౌరి కాలు కారణమైంది. 1958లో గషెర్‌బ్రూమ్ నాలుగో శిఖరాన్ని తొలిసారి అధిరోహించిన ఇద్దరిలో ఆయన ఒకడు. మంచు మీద జారుతూ విరగ్గొట్టుకున్న కాలు ఏళ్ల తరబడి సరిగా అతక్క, పొట్టిగా, వంకరగా మిగిలిపోయింది. సముద్రయాత్రలో పరిచయమైన రష్యన్ డాక్టర్ మాట విని 1980లో కుర్గాన్ వెళ్లి ఆయన నయం చేయించుకున్నాడు. ఆ ఫలితం చూసి ఇటలీ వైద్యులు 1981లో ఇలిజరోవ్‌ను తమ సదస్సుకు ఆహ్వానించారు. ఎముక, వంకర, పొడవు ఒకే ఫ్రేముతో ఒకేసారి సరిచేయవచ్చన్నదే వారిని అంతగా ఆశ్చర్యపరిచిన విషయం.

అరిగిన చీలమండ ఉన్న పొట్టి కాలికి ఈ పద్ధతి పనిచేసే తీరు ఇది. కింద చీలమండలో మృదులాస్థిని చెక్కి, పాదాన్ని లంబంగా నిలిపి, పాదానికీ టిబియాకూ వేసిన రింగులతో ఎముకలను ఒకదానికొకటి అదిమిపెడతారు. పైన మోకాలికి కొంచెం దిగువన, ఎముక వెడల్పుగా, రక్తప్రసరణ సమృద్ధిగా ఉండే చోట టిబియాను కోస్తారు. ఫిబ్యులాను కూడా కోయాలి. దాని కింది చివరను టిబియాకు తీగతో కట్టిపడేయకపోతే అది పైకి లాక్కుపోయి చీలమండ బయటికి వాలుతుంది. ఒక వారం ఏమీ చేయకుండా ఉంచి, ఆ తర్వాత రోగి గానీ ఇంట్లోవాళ్లు గానీ స్పానర్‌తో నట్టును రోజుకు నాలుగుసార్లు, ఒక్కోసారి పావు మిల్లీమీటరు చొప్పున తిప్పుతారు. అంటే రోజుకు ఒక మిల్లీమీటరు. వేగం పెంచితే సందులో ఎముకకు బదులు నారపదార్థం మిగులుతుంది, తగ్గిస్తే అనుకున్న పొడవు రాకముందే ఎముక అతుక్కుపోతుంది. కింద దగ్గరకు నొక్కడం, పైన దూరం జరపడం ఒకే ఫ్రేములో ఏకకాలంలో సాగుతాయి.

ఇందులో ఒక అనుకూలత సాధారణంగా ఎవరి దృష్టికీ రాదు. టిబియాను పొడిగించేటప్పుడు తరచుగా వచ్చే ఇబ్బందుల్లో ఒకటి పిక్క కండరం బిగుసుకుని పాదం కిందికి లాగుకుపోవడం. చీలమండను ముందే అతికిస్తున్నప్పుడు పాదం ఎక్కడికీ లాగుకుపోదు. ఆ బిగువు మోకాలి మీదికి మళ్లుతుంది కాబట్టి మోకాలిని చాచి ఉంచే వ్యాయామం మీద దృష్టంతా పెట్టాలి. సమయం లెక్క కూడా కలిసొస్తుంది. నాలుగు సెంటీమీటర్లు పొడిగించడానికి నలభై రోజులు పడుతుంది, ఆ కొత్త ఎముక గట్టిపడడానికి దానికి రెండింతలో మూడింతలో కావాలి. మొత్తం అయిదున్నర నెలల దాకా. చీలమండ అతుక్కోవడానికి ఎలాగూ మూడు నాలుగు నెలలు పడుతుంది. రెండింటినీ విడివిడిగా చేస్తే తొమ్మిది పది నెలలు మంచానికో కర్రలకో అంకితం కావాల్సిన మనిషి, కలిపి చేస్తే అందులో చాలా భాగం ఆదా చేసుకుంటాడు. దినకూలీకో చిన్న దుకాణదారుకో ఆ తేడా వైద్యపరమైన తేడాకన్నా పెద్దది.

కీలు మార్పిడి ఎంచుకుంటే ఈ కలిపి చేసే సౌలభ్యం ఉండదు. పొడిగింపులో కాలి కండరాలన్నీ సాగి చీలమండను గట్టిగా నొక్కుతాయి, కొత్తగా పెట్టిన కృత్రిమ భాగాలు ఆ ఒత్తిడిని తట్టుకోలేవు. చర్మం గుండా ఎముకలోకి దిగిన తీగల దారిన సూక్ష్మక్రిములు చేరే ప్రమాదం వేరు. కనుక ముందు వంకర, పొడవు సరిచేసి, ఎముక పూర్తిగా గట్టిపడి, రింగుల గాయాలు మాని, రక్తపరీక్షల్లో ఇన్‌ఫెక్షన్ జాడ లేదని నిర్ధారించుకున్నాక, నెలల విరామంతో కీలు మార్చాలి. ఈ క్రమాన్ని తిరగేయడం అంటే కొత్త తలుపు బిగించాక గుమ్మం సరిచేయడమే.

కృత్రిమ కీలు విఫలమై తీసేయాల్సి వచ్చినప్పుడు, లేదా రక్తప్రసరణ ఆగి టాలస్ చచ్చి కూలినప్పుడు, సమస్య తలకిందులవుతుంది. అక్కడ రెండు నుంచి నాలుగు సెంటీమీటర్ల ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో దానం చేసిన తొడ ఎముక గుండును చెక్కి నింపి, మడమ నుంచి రాడ్డు వేసే పద్ధతి పొడవును అప్పటికప్పుడే కాపాడుతుంది. కానీ ప్రాణం లేని పెద్ద ఎముక ముక్కను రెండు వైపులా అతికించుకోవడం శరీరానికి కష్టమైన పని, మధుమేహం ఉన్నవారిలో మరీ కష్టం. రెండో పద్ధతిలో ఖాళీని ఖాళీగా ఉంచకుండా టిబియాను నేరుగా మడమ ఎముక మీదికి దించి బతికున్న ఎముకను బతికున్న ఎముకతో అతికిస్తారు. పోయిన పొడవును పైన కోసి పొడిగించుకుంటారు. ఇన్‌ఫెక్షన్ చరిత్ర ఉన్న కాలికి ఈ రెండోదే భద్రమైన దారి అన్నది ఈ రచన అభిప్రాయం, సమయం ఎక్కువ పట్టినా సరే.

తీగలు చర్మాన్ని దాటే చోట ఎర్రబడి రసి కారడం రింగులు వేసుకున్న దాదాపు ప్రతి రోగికీ ఏదో ఒక వారం ఎదురవుతుంది. శుభ్రంగా కడగడం, నోటి యాంటీబయాటిక్స్ చాలావరకు సరిపోతాయి. నరం సాగి పాదం పైభాగంలో మంటలు పుడితే పొడిగింపు వేగం తగ్గించాలి. పొగాకు అలవాటు మాత్రం చిన్న విషయం కాదు. సిగరెట్, బీడీ మానని మనిషిలో చీలమండ అతుక్కోకపోయే ముప్పు అనేక రెట్లు పెరుగుతుంది, పైనున్న కొత్త ఎముక కూడా నీరసంగానే ఊరుతుంది. ఆపరేషన్‌కు కనీసం నెలన్నర ముందునుంచి పొగ మానని రోగికి తేదీ ఇవ్వని శస్త్రవైద్యులను కఠినులని అనలేం.

ఇన్ని లెక్కల తర్వాత కూడా మిగిలే అనుమానాన్ని పెద్దగా ఖర్చులేని ఒక పరీక్షతో తీర్చుకోవచ్చు. చీలమండలోకి మత్తుమందు ఎక్కించి, నొప్పి నిజంగా ఆ కీలుదేనా, దాని కింది కీలుదా అని తేల్చుకున్నాక, పాదం వంగడానికి ఒప్పుకున్నంత వరకు లంబంగా పెట్టి మోకాలి కింద నుంచి నడవగల పట్టీ కట్టాలి. ఫ్యూజన్ తర్వాత ఆ కాలు ఎలా ఉంటుందో దాదాపు అలాగే ఉంటుంది. పట్టీ అడుగున ఒకసారి రెండు సెంటీమీటర్లు, ఒకసారి మూడు, ఒకసారి ఏమీ లేకుండా రబ్బరు పలకలు అమర్చి రోగిని పదిహేను రోజులు ఇంటికి పంపాలి. మెట్లు ఎక్కి, బజారుకు వెళ్లి, దేవుడి గదిలో నిలబడి తిరిగొచ్చిన మనిషి ఏ ఎత్తు దగ్గర నడుము హాయిగా ఉందన్నాడో, ఎక్కడ తట్టుకున్నాడో అడిగి, ఆ అంకెను ఎక్స్‌రే మీది అంకె పక్కన రాసుకోవాలి. రెండు అంకెలూ కలవనప్పుడు మళ్లీ కొలవాల్సింది ఎక్స్‌రేనే.